మోటారు షెడ్డును చదువుల గదిగా మార్చేటప్పుడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని కొంత మార్చి చూడమని వారు చెప్పలేదు గాని, చెప్పి ఉన్నట్లయితే అదికూడ ఆ రెండింటి సరసన చేర్చదగిన మాటే అయి ఉండేది. హైదరాబాదులోని మా ఇంటి ముంగిట ఒక మోటారు షెడ్డు ఉన్నది. అందులో నిలిచే కారును అమ్మివేసి చాలా సంవత్సరాలు అయినది. మూడు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. మూడు వైపుల ఇటుక గోడలు, ముందు ఇనుప షట్టరు, పైన సిమెంటు రేకులు. పరీక్షల కాలంలో పిల్లలు చదువుకొనడానికి, తక్కిన వేళల్లో ఇంటి ఆడవారు బట్టలు కుట్టుకొనడానికి ఒక ప్రత్యేకమైన గది కావలసి, ఆ షెడ్డునే గదిగా మార్చడానికి సంకల్పించినాము.

పని పూర్తి అయినది. రేకుల కింద థర్మోకోలు పలకలు పరచి, వాటి కింద తెల్లని అట్టతో లోకప్పు వేయించినాము. గది చల్లబడినది. అందరమూ సంతోషించినాము. కాని రెండవ వర్షాకాలంలో ఒకనాటి ఉదయం మా చిన్న తమ్ముడు తడికాళ్ళతో వచ్చి షట్టరు ఎత్తబోయి, షాకు తగిలి వెనుకకు పడిపోయినాడు. అదృష్టవశాత్తు భుజానికి తగిలిన దెబ్బతోనే ఆపద గడచినది. ఇనుప షట్టరులోనికి విద్యుత్తు ఎట్లా వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ మేము తెలుసుకొన్న విషయాలను తోటి విద్యార్థులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉష్ణం వచ్చే దారులు

ఉష్ణం ఒక చోటి నుండి మరొక చోటికి మూడు విధాల ప్రయాణం చేస్తుందని మనమంతా పాఠశాలలోనే చదువుకొన్నాము. అవి వహనం, సంవహనం, వికిరణం. రేకుల షెడ్డులో ఈ మూడూ ఒకేసారి పనిచేస్తాయి. సూర్యుని వికిరణం రేకును కాల్చుతుంది. ఆ వేడి రేకు మందం గుండా వహనం చెంది లోపలి ముఖానికి చేరుతుంది. అక్కడి నుండి కొంత గాలి ద్వారా, కొంత మరల వికిరణం ద్వారా కింద కూర్చున్నవారి తల మీదికి దిగుతుంది.

దీని పరిమాణం ఎంతో ఊహించుకొనడం కష్టం కాదు. నిర్మలమైన వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే సూర్యశక్తి దాదాపు 1000 వాట్లు. మా షెడ్డు కప్పు వైశాల్యం 15 చదరపు మీటర్లు. అంటే 1000 వాట్ల ఇస్త్రీపెట్టెలు పదిహేనింటిని కప్పు మీద బోర్లించి వేడిచేస్తే వెలువడే శక్తికి అది సమానం. అందులో కొంత ఆకాశంలోనికి తిరిగిపోతుంది, కొంత గాలికి పోతుంది. మిగిలినది లోపలికి వస్తుంది. మే మాసంలో బయటి గాలే 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో అటువంటి గదిలో పుస్తకం తెరవడం ఎంత దుర్భరమో అనుభవించినవారికే తెలుసు.

వహనాన్ని అడ్డుకొనే శక్తి అన్ని పదార్థాలకు ఒకేవిధంగా ఉండదు. ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రవాహానికి గణిత రూపం కల్పించినాడు. ఆ సూత్రం ప్రకారం గోడ గుండా పోయే ఉష్ణం గోడ వైశాల్యాన్ని బట్టి, ఇరువైపుల ఉష్ణోగ్రతల భేదాన్ని బట్టి పెరుగుతుంది. మందాన్ని బట్టి తగ్గుతుంది. పదార్థానికి సంబంధించిన గుణకాన్ని ఉష్ణవాహకత అంటారు. సాధారణ ప్రమాణాలలో కాంక్రీటు ఉష్ణవాహకత సుమారు 1.5, ఇటుక గోడది సుమారు 0.8, థర్మోకోలుది సుమారు 0.04. ఈ లెక్కన ఐదు సెంటీమీటర్ల థర్మోకోలు అడ్డుకొనే ఉష్ణాన్ని కాంక్రీటుతో అడ్డుకోవలెనంటే దాదాపు రెండు మీటర్ల మందం కావలెను.

థర్మోకోలుకు ఈ శక్తి తన పదార్థం వలన గాక, అందులో చిక్కుకొన్న గాలి వలన వచ్చినది. కదలని గాలి ఉష్ణవాహకత 0.026 మాత్రమే. రాతి ఉన్ని, గాజు ఉన్ని కూడ గాలిని కదలనీయకుండ పట్టి ఉంచడం ద్వారానే పనిచేస్తాయి. మన పూర్వులకు ఈ అంకెలు తెలియకపోయినా అనుభవం తెలుసు. రాయలసీమ మిద్దెల మీద మందంగా పరచే చౌడుమట్టి, డాబాల మీద కుండలు బోర్లించి పైన సున్నంతో కప్పే పద్ధతి, పాత హైదరాబాదు ఇళ్ళలో పైకప్పు దగ్గర వేడిగాలి వెడలిపోవడానికి ఉంచే రోషన్‌దాన్, ఇవన్నీ ఉష్ణశాస్త్రంలోని పాఠాలే. కప్పుకు తెల్లసున్నం వేయడం వికిరణాన్ని తిప్పికొట్టే ఉపాయం. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానానికి మూలసూత్రం కూడ ఇదే.

రేకుల విషయమై ఒక హెచ్చరిక

షెడ్డు మీద ఉన్నవి పాత సిమెంటు రేకులైతే వాటిలో ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు పీచు ఉండే అవకాశం హెచ్చు. ఈ పీచు రకాలన్నీ క్యాన్సరు కలిగించేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం నిర్ణయించినది. యూరోపియన్ యూనియన్ దేశాలలో 2005 నుండి దీని వాడకం నిషిద్ధం. మన దేశంలో ఎన్నో ఇళ్ళ మీద ఈ రేకులు నేటికీ ఉన్నాయి. రేకు చెక్కుచెదరక ఉన్నంతవరకు పీచు బయటికి రావడం తక్కువ. దానిని కోసినపుడు, రంధ్రం వేసినపుడు, గీకినపుడు, పగులగొట్టినపుడు కంటికి కనిపించని పీచు గాలిలో కలిసి ఊపిరితిత్తులలో చేరుతుంది. దాని ఫలితం ఇరవై, ముప్పై సంవత్సరాల తరువాత బయటపడవచ్చును.

కాబట్టి లోకప్పును రేకులకు మేకులు కొట్టి వేలాడదీయరాదు. గోడ నుండి గోడకు ప్రత్యేకంగా చట్రం అమర్చి, దాని మీద లోకప్పును నిలుపవలెను. పగిలిన రేకును తీయవలసి వస్తే తడిపి, ముక్కలు చేయకుండ దింపవలెను. ఆ ధూళిని పొడిచీపురుతో ఊడ్వరాదు. ఈ ఒక్క విషయంలో మేము అనుకోకుండానే సరియైన పని చేసినాము. రేకులు పగిలితే కొత్తవి కొనవలసి వస్తుందన్న భయంతో వాటి జోలికి పోలేదు.

తీగలో పుట్టే ఉష్ణం

ఇక విద్యుత్తు సంగతి. తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు తీగ వేడెక్కుతుంది. ఈ వేడి ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించినాడు. ప్రవాహం రెట్టింపు అయితే వేడి నాలుగు రెట్లు అవుతుంది. చదరపు మిల్లీమీటరున్నర రాగితీగ నిరోధం మీటరుకు దాదాపు 0.012 ఓములు. అందులో 12 ఆంపియర్లు ప్రవహిస్తే మీటరుకు సుమారు 1.7 వాట్లు వేడిగా మారుతాయి. పోవు తీగ, వచ్చు తీగ రెండూ పక్కపక్కనే ఉంటాయి కనుక మొత్తం దాదాపు మూడున్నర వాట్లు. చూడడానికి ఇది స్వల్పమే. తీగ చుట్టూ గాలి ఆడుతూ ఉంటే ఆ వేడి ఎప్పటికప్పుడు వెడలిపోతుంది.

గాలి ఆడని చోట ఏమవుతుంది? ఇక్కడే మా పొరపాటు ఉన్నది. ఉష్ణాన్ని అడ్డుకొనే పలకకు బయటి వేడి, లోపలి వేడి అన్న భేదం లేదు. ఎండ వేడిని గదిలోనికి రానీయని థర్మోకోలు, తన నడుమ చిక్కిన తీగ వేడిని కూడ బయటికి పోనీయదు.

ఇళ్ళలో వాడే సాధారణ పి.వి.సి. తొడుగు తీగ 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మాత్రమే నిరంతరంగా భరించగలదు. చుట్టూ ఉన్న గాలి 30 డిగ్రీలు అయినపుడు తీగ మరి 40 డిగ్రీలు వేడెక్కడానికి అవకాశం ఉన్నది. అటువంటి పరిస్థితిలో అది 15 ఆంపియర్లు మోయగలదనుకొందాము. వేసవిలో రేకులకు, లోకప్పుకు నడుమ ఉన్న చోటు 50 డిగ్రీలకు చేరితే మిగిలే అవకాశం 20 డిగ్రీలే. అనుమతించదగిన వేడి సగం అయినది కనుక, జౌల్ నియమం ప్రకారం ప్రవాహం సగానికి గాక, 0.71 వంతుకు తగ్గవలెను. అంటే 15 ఆంపియర్లు పదిన్నరకు దిగినవి. అదీగాక, తీగ అర మీటరుకు మించి ఉష్ణబంధక పదార్థం నడుమ పూర్తిగా కప్పబడి ఉంటే దాని సామర్థ్యాన్ని సగంగా లెక్కించవలెనని బ్రిటిష్ వైరింగు నియమావళి చెప్పుచున్నది. అప్పుడు మిగిలినవి ఐదు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. తీగ అదే, రాగి అదే, దుకాణంలో చెప్పిన సామర్థ్యం అదే. కాని అది ఉన్న చోటును బట్టి మూడవ వంతుకు పడిపోయినది.

మా గదిలో జరిగినది

మా గదికి ప్రత్యేకమైన తీగ వేయించలేదు. ఇంటి వరండాలోని ఒక ప్లగ్గు నుండి చదరపు మిల్లీమీటరున్నర తీగలను లాగి, గొట్టం కూడ లేకుండ థర్మోకోలు పలకల నడుమ పరచి, లోకప్పు మూసివేసినాము. మొదట ఆ గదిలో ఒక దీపం, ఒక పంకా మాత్రమే ఉండేవి. తరువాత కూలరు వచ్చినది. కుట్టిన బట్టలు ఇస్త్రీ చేయడానికి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె వచ్చినది. రాత్రి చదువుల కోసం 1500 వాట్ల విద్యుత్ కెటిలు వచ్చినది. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు కనుక ఇస్త్రీపెట్టెకు 4.3 ఆంపియర్లు, కెటిలుకు 6.5 ఆంపియర్లు, కూలరుకు, దీపానికి, పంకాకు కలిపి ఒకటికి పైగా. అన్నీ ఒకేసారి పనిచేసినపుడు మొత్తం 12 ఆంపియర్లు. తీగ భరించగలిగినవి ఐదు.

మరి ప్రవాహం మితిమీరితే దానంతట అదే ఆగిపోయే మీట, అంటే ఎం.సి.బి., ఏమి చేసినది? అది 16 ఆంపియర్లది. పన్నెండు దాని దృష్టిలో మితిమీరిన ప్రవాహం కాదు. దానికి తన గుండా పోయే ప్రవాహం తెలుసును గాని, పది మీటర్ల దూరాన థర్మోకోలులో చిక్కుకొన్న తీగ ఉష్ణోగ్రత తెలియదు.

దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. పి.వి.సి. తొడుగు మెత్తగా ఉండడానికి అందులో ఒక నూనెవంటి ద్రవ్యం కలుపుతారు. థర్మోకోలు తగిలి ఉంటే ఆ ద్రవ్యం క్రమంగా తొడుగు నుండి థర్మోకోలులోనికి ఇంకిపోతుంది. థర్మోకోలు కరగి గాడిపడుతుంది, తొడుగు గట్టిపడి పెళుసవుతుంది. వేడి ఈ చర్యను త్వరితం చేస్తుంది. మేము లోకప్పు విప్పించి చూచినపుడు కనిపించినది సరిగా ఇదే. తీగలు పలకలకు అంటుకొని ఉన్నాయి. ఒకచోట తొడుగు బీటవారి, రాగి బయటపడి, లోకప్పును మోసే ఇనుప చట్రాన్ని తాకుచున్నది. చట్రపు కొస షట్టరు పెట్టెకు ఆనుకొని ఉన్నది. చట్రానికి గాని, షట్టరుకు గాని ఎర్తింగు లేదు. ఎండ కాలంలో పొడిగా ఉన్న నేల మీద, చెప్పులు తొడిగిన కాళ్ళతో ఎవరికీ ఏమీ తెలియలేదు. వాన పడిన నాడు, తడిసిన నేల మీద, పదేళ్ళ పిల్లవాని చేయి ఆ వలయాన్ని పూర్తిచేసినది.

ప్రాణం కాపాడే రెండు ఏర్పాట్లు

తడి శరీరం నిరోధాన్ని వెయ్యి ఓములుగా తీసుకొంటే 230 వోల్టుల వద్ద 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. అందులో చిన్న భాగమే గుండె లయను తప్పించి ప్రాణం తీయడానికి చాలును. ఎం.సి.బి.కి మాత్రం అది గమనించదగిన ప్రవాహమే కాదు.

కనుక రెండు ఏర్పాట్లు తప్పనిసరి. మొదటిది ఎర్తింగు. లోకప్పు చట్రం, షట్టరు, కూలరు వంటి లోహభాగాలనన్నిటిని ఆకుపచ్చ తీగ ద్వారా భూమిలో పాతిన లోహపు గొట్టానికి కలుపవలెను. అప్పుడు దారితప్పిన విద్యుత్తు మనిషి కోసం ఎదురుచూడక భూమిలోనికి పోతుంది. రెండవది ఆర్.సి.సి.బి. అనే రక్షక మీట. పోవు తీగలోని ప్రవాహాన్ని, వచ్చు తీగలోని ప్రవాహాన్ని ఇది నిరంతరం పోల్చి చూస్తుంది. రెండూ సమానంగా లేకపోతే మధ్యలో ఎక్కడో విద్యుత్తు దారితప్పినదన్నమాట. ఇళ్ళకు తగిన రకంలో ఆ భేదం 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికే సెకనులో మూడవ వంతు లోపల సరఫరా తెగిపోతుంది. ఎర్తింగు ఉంటే తీగ చట్రాన్ని తాకిన క్షణంలోనే ఇది పనిచేసి ఉండేది. మా తమ్ముడు షట్టరు తాకే అవసరమే వచ్చి ఉండేది కాదు. ఈ మీటకు ఉన్న పరీక్ష బొత్తామును నెలకొకసారి నొక్కి చూడవలెను.

పని వరుస

ఈ అనుభవం తరువాత లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలిపించి పనిని మొదటి నుండి చేయించినాము. ఆ వరుసను ఇక్కడ తెలుపుతున్నాము.

ముందుగా కప్పు కారుడును అరికట్టవలెను. తడిసిన ఉన్ని ఉష్ణాన్ని ఆపదు, తడిసిన తీగ విద్యుత్తును ఆపదు. తరువాత ఏయే పరికరాలు వాడబోతామో కాగితం మీద వ్రాసి, వాటి వాట్లను 230తో భాగించి ఆంపియర్లు కట్టవలెను. ఇప్పుడు లేనిదైనా రాగలదనుకొన్న పరికరాన్ని కూడ లెక్కలో చేర్చవలెను. గదికి ప్రధాన బోర్డు నుండే ప్రత్యేకమైన తీగలు రావలెను. దీపాలకు, పంకాలకు చదరపు మిల్లీమీటరున్నర, పెద్ద ప్లగ్గులకు రెండున్నర, శీతల యంత్రానికి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగితీగ మన ఇళ్ళలో వాడుకలో ఉన్నది. దీపాల వలయాన్ని, ప్లగ్గుల వలయాన్ని వేరు చేయవలెను. తీగలు గొట్టాలలో, ఉష్ణబంధక పొరకు కింది వైపున, గోడల మీదుగా పోవలెను. అతుకులన్నీ తెరచి చూడడానికి వీలైన పెట్టెలలోనే ఉండవలెను. తప్పనిసరిగా పొర నడుమ నుండి పోవలసి వస్తే పైన చెప్పిన లెక్క ప్రకారం లావు తీగ వేసి, దానికి తగిన చిన్న ఎం.సి.బి. పెట్టవలెను.

లోకప్పు మూయడానికి ముందే మెగ్గరు అనే పరికరంతో తీగల బంధక నిరోధాన్ని కొలిపించవలెను. అది ఒక మెగోముకు తగ్గరాదు. తీగల దారిని ఫొటో తీసి భద్రపరచడం మంచిది. ఈ పరీక్ష అయిన తరువాతనే ఉష్ణబంధక పొర వేయవలెను. థర్మోకోలు నిప్పుకు త్వరగా అంటుకొంటుంది. దానిని బయటికి కనిపించేటట్లు వదలక జిప్సం పలకతో కప్పవలెను. వీలైతే మండని రాతి ఉన్ని వాడుట శ్రేయస్కరం. మేము రెండవసారి అదే వాడినాము. రేకుకు, ఆ పొరకు నడుమ జానెడు ఖాళీ ఉంచి, రెండు కొసలలో జాలీలు అమర్చినాము. వేడిగాలి అటునుండే పోవుచున్నది. చివరగా రేకుల మీద తెల్లని పూత వేయించినాము.

విదేశాలలో ఉన్న మన బంధువులు తమ గ్యారేజీలకు చేయించిన ఏర్పాట్లను చూచి అదేవిధంగా చేయబూనేవారు కొందరున్నారు. చలి దేశాలలో లోపలి వేడి బయటికి పోకుండ కాపాడుకొంటారు. తేమను ఆపే పొరను అందుకే గది వైపున అమర్చుతారు. మనకు వేడి, తేమ రెండూ బయటి నుండే వస్తాయి. సూత్రం ఒక్కటే అయినా అక్కడి అమరిక ఇక్కడికి సరిపోదు.

షెడ్డులో ఇంకా స్కూటరో, మోటారు సైకిలో నిలిపేవారు మరొక విషయం గమనించవలెను. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది, నేలనంటి పాకుతుంది. అటువంటి చోట ప్లగ్గులు, మీటలు నేలకు దగ్గరగా ఉండరాదు. మూసిన గదిలో ఇంజను నడిపితే వాసన తెలియని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం అవుతుంది. వాహనం నిలిపే చోటు, మనుషులు నిద్రించే చోటు ఒకటి కారాదు.

మన పాఠ్యగ్రంథాలలో ఉష్ణం ఒక ప్రకరణం, విద్యుత్తు వేరొక ప్రకరణం. రెండింటిలోను మాకు మంచి మార్కులే వచ్చినవి. అయినా ఒక రేకుల కప్పు కింద ఆ రెండూ కలిసి ఉంటాయని ఆలోచించలేకపోయినాము. తోటి విద్యార్థులు తమ ఇళ్ళలో లోకప్పు వేయించడానికి ముందు దాని పైన ఏ తీగలు పోవుచున్నవో ఒకసారి నిచ్చెన ఎక్కి చూడవలెనని కోరుతున్నాము. ఏ విద్యాసంస్థలోనైనా పాత రేకుల గదులను బాగుచేయించేటప్పుడు రంగులు, లోకప్పులు నిర్ణయించడానికి ముందే తీగలను, ఎర్తింగును పరీక్షింపజేయుట అవసరమని పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాము.

ఇప్పుడు ఆ గదిలో పిల్లలు చదువుకొంటున్నారు. షట్టరు తీయవలసి వచ్చినపుడు మాత్రం మా తమ్ముడు ముందుగా చెప్పులు వేసుకొని, మా వంక చూచి, తరువాత చేయి వేస్తాడు. ఇక భయం లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు మానలేదు. మేము కూడ మానమని బలవంతం చేయుట లేదు.